సరుకు పోవడం లేదంటున్నారు – లెక్క ఏదీ?

కోనసీమ పల్లెల్లో సార్వా కోతలు ముగిసి, దాళ్వా నాట్లు ఇంకా అందుకోని రోజుల్లో వ్యవసాయ కార్మిక స్త్రీలకు పొలంలో పని దొరకడం కష్టం. మగవాళ్ళు కొబ్బరి దింపులకో, చెరువు పనులకో, పట్నంలో కాంక్రీటు పనికో పోతారు. ఆడవాళ్ళు పేటలోనే ఉండిపోతారు. ఆ నెలా నెలన్నర గడవడానికి కొన్ని పేటల్లో ఇప్పుడొక కొత్త పని వచ్చింది. భోగి పిడకల దండలు.

పని కొత్తది కాదు, కూలి కొత్తది. ఇదివరకు ఎవరి పిల్లలకు వాళ్ళే పేడ బిళ్ళలు చేసి, మధ్యన చిల్లి పెట్టి, ఎండబెట్టి, నులక తాడుకు గుచ్చి భోగి మంటలో వేసేవారు. ఇప్పుడు హైదరాబాదులో, బెంగుళూరులో అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకు పేడ ఎక్కడిది, మకాం ఎక్కడిది? ఫోనులో ఆర్డరు పెడితే అట్టపెట్టెలో దండలు ఇంటికొస్తున్నాయి. ఆ దండ వెనక ఎవరి చేతులున్నాయన్నది పెట్టె మీద రాసి ఉండదు. “స్వచ్ఛమైన దేశీ ఆవు పేడ” అని మాత్రం పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆవుకు దక్కిన గౌరవం పేడ పిసికిన మనిషికి దక్కలేదు.

2024 డిసెంబరు మొదటి వారంలో అలాంటి ఒక పేటకు మేము వెళ్ళాం. నలభై మంది దాకా ఆడవాళ్ళు ఈ పని చేస్తున్నారు. పట్నం నుంచి వచ్చే షావుకారు దండల లెక్కన కొంటాడు. దండకు 25 పిడకలు. అంతకు ముందటేడు దండకు 12 రూపాయలిచ్చాడు. ఈసారి వస్తూనే 9 రూపాయలన్నాడు.

“సరుకు పోవడం లేదమ్మా. పోయినేడు తీసుకున్న దాంట్లోనే రెండు వేల దండలు గోడౌనులో పడున్నాయి. ఆన్‌లైన్లో ఎవరూ కొనడం లేదు. మీ మీద జాలి కొద్దీ 9 ఇస్తున్నాను” అని చెప్పి వెళ్ళాడట.

“నిజమేనాండీ బాబూ?” అని ఒక పెద్దావిడ మమ్మల్ని అడిగింది. “కొట్టయితే వెళ్ళి చూస్తాం. జనం ఉన్నారో లేదో కనపడద్ది. ఇది ఫోను లోపలి కొట్టాయె, ఎవరు కొన్నారో ఎవరు చూడొచ్చారు?”

మా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా కూలి రేట్ల మీద తగాదాలు చేస్తున్నాం. ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయో కళ్ళంలో చూసి చెప్పగలం, మిల్లు దగ్గర తరుగు ఎంత తీశాడో పట్టుకోగలం. ఈ యాప్ కొట్టులో సరుకు కదిలిందో లేదో ఎలా చూడాలో మాకూ తెలియదు. అంచేత నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాం. పిడకలే కాదు, అప్పడాలు, పచ్చళ్ళు, తాటిబెల్లం, విస్తళ్ళు, చీపుర్లు, కొబ్బరి పీచు సామాన్లు ఇలా దళారీ చేతికిచ్చి యాప్‌లో అమ్మించుకుంటున్న ప్రతి పేటకూ ఇది పనికొస్తుంది.

ముందొక మాట. మన తాతల నాడు కూలి గింజలు కొలిచే కుంచం ఆసామి ఇంట్లోదే. అది నిండా పట్టేదా, అడుగున ఎత్తుగా ఉండేదా అని అడగడానికి కూలివాడికి ధైర్యం ఉండేది కాదు. పశువుల సంతల్లో తువాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసేవారు. పక్కన నిలబడ్డ రైతుకు తన ఎద్దు ఎంతకు పోతున్నదో తెలిసేది కాదు. ఈ యాప్‌ల వ్యవహారం చూస్తే మాకు ఆ తువాలే గుర్తుకొచ్చింది. ఏ సరుకు ఎన్ని పోయిందో కంపెనీకి పైసా తేడా లేకుండా తెలుసు. అమ్మకందారుకు తన మట్టుకు తెలుసు. తయారు చేసినవాళ్ళకు మాత్రం తెలియదు. అయితే తువాలు ఎంత కప్పినా కొసలు కొన్ని కనపడుతూనే ఉంటాయి.

పేటలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉంది. ఆ పిల్ల ఫోను తెచ్చింది. అరుగు మీద కూర్చుని భోగి పిడకలని వెతికితే బోలెడు బొమ్మలు వచ్చాయి. ఒక్కొక్క దాన్ని విప్పి చూశాం.

మొదట కనపడేది ర్యాంకు. అమెజాన్‌లో సరుకు వివరాల కింద బెస్ట్ సెల్లర్స్ ర్యాంకని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే సరుకు అంత బాగా పోతున్నట్టు. చాలామంది ఇక్కడే మోసపోతారు. ర్యాంకు అంటే ఎన్ని పోయాయో చెప్పే లెక్క కాదు. పక్క సరుకుతో పోలిస్తే ఎక్కువ పోయిందా తక్కువ పోయిందా అన్నది మాత్రమే. ముగ్గురు పిల్లలున్న బడిలో ఫస్టు వచ్చినా ఫస్టే, మూడొందల మంది ఉన్న బడిలో వచ్చినా ఫస్టే. పూజా సామగ్రిలో చిన్న తరగతి ఒకటి చూసుకుని అందులో 5వ స్థానంలో ఉన్నామని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. ఆ తరగతిలో రోజుకు పది పొట్లాలే పోతే 5వ స్థానానికి ఏం విలువ? పెద్ద తరగతిలో ర్యాంకు ఎంతో కూడా పక్కనే ఉంటుంది, అదీ చూడాలి.

ఇంకొక సంగతి. ర్యాంకు నిలకడగా ఉండదు, అస్తమానం మారుతుంది. అందులోనూ ఇటీవలి అమ్మకానికి బలం ఎక్కువ. నెమ్మదిగా పోయే సరుకైతే ఒక్క పొట్లం అమ్ముడైనా ర్యాంకు వేల మెట్లు పైకి ఎగురుతుంది, మళ్ళీ ఎవరూ కొనకపోతే మెల్లగా కిందికి జారుతుంది. కాబట్టి ఒక్కసారి చూసి పోతున్నదనీ పోవడం లేదనీ తేల్చడం తప్పు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, కనీసం పది పదిహేను రోజులు రాసుకోవాలి. ఎగిరి పడేదైతే అప్పుడొకటి అప్పుడొకటి పోతున్నట్టు, ఒకే చోట నిలబడితే వరసగా పోతున్నట్టు. పండగ సరుకు విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. భోగి పిడకలకు జనవరి 10న వచ్చే ర్యాంకు చూసి ఏడాదంతా ఇలాగే పోతుందనుకుంటే అప్పుల పాలే. అలాగే అక్టోబరులో చూసి పోవడం లేదనే మాటకూ అర్థం లేదు.

రెండోది, కొన్ని సరుకుల పేరు కింద ‘గత నెలలో 50కి పైగా కొన్నారు’ అన్నట్టు చిన్న అక్షరాలతో ఉంటుంది. ర్యాంకు కన్నా ఇది మేలు, ఎందుకంటే అంకె చెబుతుంది. అయితే ఇది కింది హద్దు మాత్రమే. 1కె ప్లస్ అని ఉంటే వెయ్యీ కావచ్చు, 1,900 కావచ్చు. ఆ మాట లేనంత మాత్రాన అసలు పోవడం లేదనీ కాదు. మేము చూసిన పొట్లాల్లో కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. డిసెంబరు మొదట్లో లేనివాటికి నెల మధ్యకు వచ్చేసరికి వచ్చింది. ఆ రావడమే ఒక సాక్ష్యం.

మూడోది చుక్కలు, అభిప్రాయాలు. ‘320 మంది చుక్కలిచ్చారు’ అని ఉంటే 320 పొట్లాలు పోయాయని కాదు, అంతకన్నా చాలా ఎక్కువే పోయి ఉంటాయి. కొన్నవాళ్ళందరూ చుక్కలివ్వరు. నూటికి ఇద్దరిస్తారని ఒకరు, పదిమంది ఇస్తారని మరొకరు మాకు చెప్పారు. ఇద్దరి మాటా నమ్మలేదు. బట్టలు కొన్నవాడు కొలత కుదరకపోతే తిట్టడానికైనా రాస్తాడు. పిడక కాలిపోయింది, పండగ అయిపోయింది, ఇంకేం రాస్తాడు? మొత్తం అంకె కన్నా తేదీలు ముఖ్యం. కొత్తవి ముందు వచ్చేట్టు మార్చుకుని చూడాలి. మూడేళ్ళ కిందట వచ్చిన మెప్పులు ఇప్పటి అమ్మకానికి సాక్ష్యం కావు. పైగా ఒకే సరుకును చిన్న పొట్లం, పెద్ద పొట్లం అని రెండు మూడు రకాలుగా పెట్టినప్పుడు అన్నిటి చుక్కలూ కలిపి చూపిస్తారు. పెద్ద పొట్లం ఎవరూ ముట్టకపోయినా చిన్నదాని పుణ్యాన దానికీ చుక్కలు కనపడతాయి.

(పిడకల సంగతి వచ్చింది గనక ఒక ముచ్చట. 2021 జనవరిలో ఒక కొనుగోలుదారు పిడక తిని చూశానని, రుచి బాగా లేదని అమెజాన్‌లో రాసిన అభిప్రాయం దేశమంతా నవ్వుకుంటూ పంచుకుంది. పేటలో ఇది చెబితే ఆడవాళ్ళు చాలాసేపు నవ్వారు. “తిన్నవాడికి కూడా 9 రూపాయలేనా?” అంది ఒకామె.)

దొంగ మెప్పుల వ్యాపారమూ ఉంది. సరుకు కొను, ఐదు చుక్కలు ఇవ్వు, డబ్బు వెనక్కి ఇస్తామని ఫోను గ్రూపుల్లో మనుషుల్ని పోగేస్తారు. ఇలా రాసినవి కొన్నట్టుగానే లెక్కలోకొస్తాయి. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ అభిప్రాయాల మీద ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం ప్రకటించింది గాని, అది ఇష్టమున్నవాడు పాటించేదిగానే వచ్చింది. ఇష్టం ఉన్న దొంగను మేమెక్కడా చూడలేదు. ఒకే రోజున ఒకే తీరు మాటలతో ఇరవై మెప్పులు కనపడితే పక్కన పెట్టేయడమే.

వీటన్నిటికన్నా మాకు పనికొచ్చింది స్టాకు లెక్క. ఆ పిల్లే కనిపెట్టింది. సరుకును బండి గుర్తులో వేసి ఎన్ని కావాలన్న చోట 999 అని కొట్టింది. అన్ని లేవు, ఇన్నే ఉన్నాయని యాప్ ఒక అంకె చూపించింది. కొనలేదు, ఊరికే అంకె రాసుకుని తీసేసింది. మర్నాడు అదే వేళకు మళ్ళీ అడిగింది. నిన్న 187 ఉంటే ఇవాళ 181. అంటే ఆరు పోయాయి. ఇదే కదా మనకు కావలసింది!

ఇందులోనూ లొసుగులున్నాయి. కొందరు అమ్మకందార్లు మనిషికి ఐదుకు మించి ఇవ్వమని హద్దు పెడతారు, అక్కడ ఈ ఎత్తు పారదు. కొత్త సరుకు దించితే అంకె హఠాత్తుగా పెరుగుతుంది. ఆ రోజును లెక్కలోంచి తీసేయాలి, లేదంటే తప్పు తేలుతుంది. ఆర్డరు రద్దయితే అంకె తిరిగి పెరుగుతుంది. అయినా ర్యాంకు చూసి ఊహించడం కన్నా ఇది నయం.

అయితే షావుకారు కొట్టు ఏది? యాప్‌లో ఆయన పేరు లేదు. ఇక్కడ చట్టం కాస్త అక్కరకొచ్చింది. తూనికలు కొలతల శాఖ ప్యాకేజీ సరుకుల నిబంధనలను 2017లో సవరించారు, 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఆన్‌లైన్లో అమ్మే పొట్లానికి తయారీదారు లేక ప్యాక్ చేసినవాడి పేరు, చిరునామా, గరిష్ఠ ధర, పరిమాణం తెర మీదే చూపాలి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం అమ్మకందారు చిరునామా కూడా చూపాలి. ఆ చిరునామాలు చదువుకుంటూ పోతే మూడు వేరు వేరు పేర్ల కింద ఒకే పట్నం, ఒకే వీధి, ఒకే తలుపు నెంబరు కనపడింది. మూడు కొట్లూ మన షావుకారువే.

డిసెంబరు 6 నుంచి 19 దాకా పద్నాలుగు రోజులు ఆ పిల్ల రోజూ రాత్రి ఎనిమిదింటికి మూడు కొట్ల అంకెలూ రూళ్ళ పుస్తకంలో రాసింది. రెండు రోజులు సిగ్నల్ లేక గట్టు మీద కొబ్బరి తోట దాకా నడిచి వెళ్ళి మరీ రాసింది. మొదటి రోజు మూడు కొట్లలో కలిపి 495 పొట్లాలు. పొట్లానికి నాలుగు దండలు, అంటే 1,980 దండలు. షావుకారు పాత సరుకు రెండు వేల దండలు పడుందన్నాడు గదా, ఆ మాట మట్టుకు నిజమే! మేము అబద్ధమని తేల్చుకుని కూర్చున్నాం, కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మొదటి వారంలో 96 పొట్లాలు తగ్గాయి. రెండో వారంలో 334. ధనుర్మాసం పట్టాక రోజుకు యాభై, అరవై చొప్పున పోయాయి. 19వ తేదీ రాత్రికి మూడు కొట్లలో కలిపి మిగిలింది 65. ఒక కొట్టులో అయితే ఇంక 6 మాత్రమే ఉన్నాయని యాప్ తనంతట తనే చెబుతున్నది. మధ్యలో ఎక్కడా కొత్త సరుకు దిగలేదు. అంటే 430 పొట్లాలు, 1,720 దండలు పద్నాలుగు రోజుల్లో పోయాయి. భోగికి ఇంకా మూడు వారాలకు పైగా ఉంది. పాత సరుకు అయిపోవచ్చింది, కొత్తది ఉన్నది పేటలో ఎండుతున్న దండల్లోనే.

20వ తేదీన షావుకారు వ్యాను వేసుకుని వచ్చాడు. ఆయన మామూలుగానే “సరుకు పోవడం లేదు” అని మొదలుపెట్టాడు. పెద్దావిడ రూళ్ళ పుస్తకం ముందు పెట్టింది. “ఫలానా రోజు ఇన్ని, ఫలానా రోజు ఇన్ని పోయాయాండీ షావుకారుగారూ. ఆ మూడో కొట్టులో ఆరే మిగిలాయండి. రేపట్నుంచి ఏం అమ్ముతారండి?” అంది. ఆయన పుస్తకం తీసుకుని రెండు పేజీలు తిప్పాడు. ఇవన్నీ మీకెవరు నేర్పారన్నాడు. మా వంక చూశాడు. అసలు నేర్పింది ఎవరో ఆయనకు తట్టలేదు. ఆ పిల్ల వెనకాల నిలబడి దండలు లెక్కపెడుతోంది.

తరవాత మాట మార్చాడు. అమ్మకం ఉన్నా మిగులు లేదన్నాడు. ఈ మాటను కొట్టిపారేయకూడదు. నాలుగు దండల పొట్లం 249 రూపాయలకు అమ్ముతున్నాడు. దండకు 9 చొప్పున అందులో ఆడవాళ్ళకు వచ్చేది 36. కొరియరు, యాప్ ఫీజులు, వాటి మీద జీఎస్టీ కలిసి నూరు రూపాయలనుకుందాం. పెట్టె, చుట్టడం, వ్యాను కలిపి 25. యాప్‌లో పైకి కనపడటానికి పెట్టే ప్రకటనల ఖర్చు ఇంకొక 20. దారిలో నలిగి వెనక్కి వచ్చేవి, డబ్బు ఇంటి దగ్గరిస్తామని ఆర్డరు పెట్టి తీరా కొరియరు పిల్లాడు వచ్చేసరికి తలుపు తియ్యనివాళ్ళు, ఇవన్నీ నష్టమే. ఆర్డరు పడినంత మాత్రాన అమ్మినట్టు కాదు. అవన్నీ వేసినా పొట్లానికి యాభై పైన మిగులుతుందని మేము లెక్క కట్టాం. ఆయన కాదన్నాడు. మరి నీ లెక్క చూపమన్నాం. ఫోను లోపల పెట్టుకున్నాడు.

ఇక్కడ కార్యకర్తలు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. అమ్మకందారుకు ఎన్ని పోయాయో తెలియదనడం ఎప్పుడూ నిజం కాదు. రోజుకెన్ని ఆర్డర్లు, ఎన్ని వెనక్కి వచ్చాయి, ఏ ఫీజు ఎంత కోశారు, బ్యాంకులో ఎంత పడింది, అన్నీ అతని ఖాతాలో యాప్ చూపిస్తుంది. దీనికి తోడు 2020 అక్టోబరు 1 నుంచి యాప్ కంపెనీలు అమ్మకందారు మొత్తం అమ్మకం మీద ఒక శాతం ఆదాయపు పన్ను ముందే పట్టుకునేట్టు చట్టం చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి దాన్ని 0.1 శాతానికి తగ్గించారు. ఏడాదికి 5 లక్షల లోపు అమ్మే వ్యక్తులకు మినహాయింపు ఉంది. పెద్ద షావుకారు అమ్మకం మాత్రం రూపాయితో సహా సర్కారు కాగితాల్లో ఉంటుంది. అంచేత “తెలియదు” అనేవాడిని “చూపించు” అని అడగాలి.

మధ్యాహ్నం దాకా బేరం నడిచింది. ఆడవాళ్ళు 15 అడిగారు. మొదటి విడతకు 13, జనవరి 5న తీసుకునే రెండో విడతకు 14 దగ్గర తెగింది. మిగిలిన సరుకు నష్టం వచ్చే ఏడు రేటులో కోయరాదని కూడా ఒప్పించారు. నోటి మాటే, కాగితం మీద పడలేదు. విజయమని మేము డప్పు కొట్టబోవడం లేదు. పేడ గంపలకు ఆసామికి ఇవ్వగా, మంచులో నాలుగైదు రోజులు తిరగేసి ఎండబెట్టగా, ఒక మనిషి సగటున రోజుకు పది దండలు చేస్తుంది. 13 చొప్పున 130 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. తేడా చూడండి. బేరంలో గెలిచినా కూలిలో ఓడినట్టే.

ఆ సాయంత్రమే కుర్ర ఆడపిల్లలు ఒక మాటన్నారు. ఇంత పోతున్నప్పుడు మనమే యాప్‌లో పెట్టుకుంటే పోదా, షావుకారు ఎందుకని. ఈ ప్రశ్న ప్రతిచోటా వస్తుంది, వచ్చి తీరాలి కూడా. కాని ఇందులో దిగేముందు డ్వాక్రా అప్పు తియ్యకండని మేము గట్టిగా చెప్పాం. కారణాలున్నాయి.

2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేని చిన్న అమ్మకందార్లు కూడా యాప్‌ల ద్వారా సరుకు అమ్ముకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. కాని సొంత రాష్ట్రం లోపలే అమ్మాలి. మన పిడకలు కొనేవాళ్ళలో ఎక్కువమంది ఎక్కడున్నారు? హైదరాబాదులో, బెంగుళూరులో. గోదావరి దండ హైదరాబాదు పోవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, నెల నెలా లెక్కలు రాసే మనిషి కావాలి. ఫీజులు లేవని కంపెనీలు చాటింపు వేస్తాయి. మీషో 2021లో కమిషన్ ఎత్తేశామంది. 2025లో అమెజాన్ 300 రూపాయల లోపు ధర ఉన్న చాలా రకాల సరుకులకు రిఫరల్ ఫీజు తీసేశామంది. కాని సరుకు చేరవేసే ఖర్చు బరువును బట్టి ఉండనే ఉంటుంది, పిడక బరువు పిడకదే. ఇక కొత్తగా పెట్టిన సరుకుకు చుక్కలుండవు, ర్యాంకు ఉండదు. వెతికినవాడికి పదో పేజీలో కనపడుతుంది. పైకి రావాలంటే ప్రకటనకు డబ్బు కట్టమంటారు. షావుకారు ప్రతి పొట్లానికీ 20 రూపాయలు ఎందుకు పోస్తున్నాడో అప్పుడు అర్థమవుతుంది.

అందుకని ముందు మేము చెప్పిన లెక్కే ఎదుటివాళ్ళ సరుకు మీద చేసి చూడమన్నాం. మనలాంటి పొట్లాలు ఎన్ని కొట్లలో ఉన్నాయి? అన్నీ పోతున్నాయా, పైన ఉన్న రెండే పోతున్నాయా? నిన్న మొన్న చేరిన కొత్తవాడివి కదులుతున్నాయా లేదా? కొత్తవాడిది కదిలితే మనదీ కదలొచ్చు. పాతవాళ్ళవే పోతుంటే మనం పెట్టే డబ్బు ప్రకటనలకే పోతుంది. ఈ మాటలు నేర్పుతామని పట్నాల్లో ఐదు వేలు, పది వేలు ఫీజు పుచ్చుకునే శిక్షకులు బయలుదేరారు. ర్యాంకు ఇంత ఉంటే నెలకు ఇన్ని పోతాయని పట్టిక ఇస్తారు. కంపెనీ ఆ పట్టిక ఎక్కడా ప్రకటించలేదు. వీళ్ళది అంచనా మీద అంచనా.

అసలు లెక్క కంపెనీ చేతిలో ఉంది, దాన్ని వాళ్ళు ఊరికే పెట్టుకోరు. 2021 అక్టోబరులో రాయిటర్స్ వార్తాసంస్థ అమెజాన్ లోపలి కాగితాలను బట్టి ఒక పరిశోధన ప్రచురించింది. మన దేశంలో బాగా పోతున్న ఇతరుల సరుకులేవో తన దగ్గరున్న సమాచారంతో చూసుకుని, అలాంటివే తన సొంత బ్రాండు పేర పెట్టి, వెతికినప్పుడు అవి పైకి కనపడేట్టు చేసుకుందని అందులో రాశారు. కంపెనీ దీన్ని ఖండించింది. ఇటు ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగుళూరులో ఇద్దరు కుర్రాళ్ళు పెట్టిన కొట్టే, 2018లో అమెరికా వాల్‌మార్ట్ దానిలో 77 శాతం వాటా కొన్నది. 2020 నిబంధనలు సరుకుల్ని ఏ పద్ధతిలో పైకీ కిందికీ పేరుస్తున్నారో ముఖ్యమైన సూత్రాలు వివరించాలంటున్నాయి. ఎన్ని పోయాయో చెప్పమని మాత్రం అడగలేదు. ప్యాకెట్ మీద ధర రాయమన్నట్టే, నెలకు ఎన్ని అమ్మారో కూడా తెర మీద రాయమని నిబంధన తేవడానికి ఏం అడ్డం? దానికి తోడు, యాప్‌లో అమ్మే సరుకు ముక్క కూలికి చేసినవాళ్ళకు అమ్మకం లెక్క చూసే హక్కు ఉండాలి. మా సంఘం మండల మహాసభలో ఈ రెండూ పెట్టాం. కొందరు పాత కామ్రేడ్లు “పిడకల మీద కూడా తీర్మానమా?” అని నవ్వారు. కూలి ఎక్కడుంటే సంఘం అక్కడికి పోవాలి గదా అన్నాం.

భోగినాడు మేము మళ్ళీ ఆ పేటకు వెళ్ళాం. తెల్లవారుజామున మంట వేశారు. పిల్లల మెళ్ళో దండలు లేవు. చేసినవన్నీ వ్యాను ఎక్కించేశారట. ఆ పిల్ల ఇంట్లో చుట్టుకి పగిలిన పిడకలు కొన్ని ఉంటే తెచ్చి పిల్లలకు పంచింది. రూళ్ళ పుస్తకంలో జనవరి 11 దాకా అంకెలున్నాయి, ఆ తరవాత పేజీలు ఖాళీ. ఆ పిల్లకు పట్నంలో పై చదువుకు సీటు వచ్చే సూచనలున్నాయి. వచ్చే ధనుర్మాసానికి ఆ పుస్తకం ఎవరు రాస్తారని అడిగితే, పెద్దావిడ తన మనవరాలిని ముందుకు తోసింది. ఎనిమిదో తరగతి. ఫోను మాత్రం వాళ్ళింట్లో లేదు. సంఘం తరఫున ఒక పాత ఫోను చూస్తామని చెప్పి వచ్చాం.